రాజు మీదికి పోయే లెక్క

జరుగు నాయనా, మంట దగ్గరికి జరుగు. మన రామసముద్రంలో ఈ నెలలో చలి ఎముకల్లోకి దిగతాది. నువ్వు ఫోన్లో చదరంగం ఆడేది చూస్తి. నాలుగు ఎత్తులు కాకముందే మంత్రిని తోలుకొని రాజు మీదికి పోతా ఉండావు. తెగింపు మంచిదే. అయితే దానికొక లెక్క ఉండాది, విను.

మా చిన్నప్పుడు అరుగు మీద బొగ్గుతో గళ్లు గీసి పెద్దోళ్లు ఆడతా ఉంటే పక్కన కూచొని చూసేవాళ్లం. అది నాటు ఆట. బంటు తొలి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తాది. కోట కట్టేది లేదు. దానికి బదులు ఆటంతటికీ ఒక్కసారి రాజు గుర్రం మాదిరి దూకొచ్చు. అంతలోపల చెక్ పడితే ఆ దూకుడు పోయినట్టే. అందుకే తొలి చెక్ కోసం పెద్దోళ్లు అంత తపన పడేవాళ్లు. దాంతో ఆటకట్టు కాకపోయినా, రాజు తప్పించుకునే దారి మూసుకుపోతాది.

ఇంగ్లీషు ఆటలో ఆ దారి మూసే పని ఇంకో తీరుగా జరుగుతాది. కలకత్తాలో జాన్ కాక్రేన్ అని ఒక బారిస్టరు ఉండినాడు. 1848లో ఆయన మొహేశ్ చంద్ర బెనర్జీ అనే బెంగాలీ ఆయనతో ఆడినాడు. రెండు పక్కలా రాజు బంట్లు కదిలినాయి, గుర్రాలు బయటికొచ్చినాయి. కాక్రేన్ గుర్రం ఒక బంటును తినింది. బెనర్జీ ఇంకో బంటుతో దాన్ని బెదిరించినాడు. ఎవురైనా గుర్రాన్ని వెనక్కి తీసుకుంటారు. కాక్రేన్ నాలుగో ఎత్తులోనే రాజు పక్క శకటు ముందర ఉండే బంటును కొట్టినాడు. ఆ బంటుకు కాపు రాజొక్కడే. రాజు గుర్రాన్ని తిన్యాడు. గుర్రం పోయి రెండు బంట్లు వచ్చినాయి. కదిలిన రాజు ఇంక కోట కట్టలేడు.

ఆ ఎత్తు ఇప్పటికీ కాక్రేన్ పేరుతోనే నడుస్తా ఉంది. 1999లో లినారెస్ పోటీలో క్రామ్నిక్ అనే ఆటగాని మీద టోపలోవ్ అనే ఆయన కూడా ఇట్లే గుర్రాన్ని బలిచ్చినాడు, ఆట డ్రా అయింది. బెనర్జీ పేరూ ఊరికే పోలేదు. నాటు ఆట అలవాటుతో ఆయన బంటును ఒక్క గడే జరిపి, శకటును మూల గడి పక్కన నిలిపే తీరు చూసే ‘ఇండియన్ డిఫెన్స్’ అనే పేరు వచ్చింది. అందులో కింగ్స్ ఇండియన్ అనేది, ఎదుటోణ్ణి నడిమధ్యన నిలవనిచ్చి, తరవాత చానాసార్లు రాజు పక్క బంట్లను వాని రాజు మీదికే నడిపే ఆట.

ఇప్పటోళ్లల్లో మన వరంగల్ పిల్లోడు అర్జున్ ఎరిగైసి దాడికి పేరుపడినోడు. 2024 డిసెంబరు ప్రపంచ చదరంగం జాబితాలో 2801 రేటింగుతో, ఆనంద్ తరవాత 2800 దాటిన రెండో భారతీయుడు అయినాడు. ఆ దాడి వెనక ఎంత సాధన ఉంటాదో చూడు.

లెక్క ఇదే నాయనా. గుర్రాన్ని ఇచ్చి నువ్వు కొనేది సమయం. రాజు చోటు వెతుక్కునే లోపల నీ శకట్లకు దారి తెరవాల, ఏనుగును తెరిచిన వరసకు తేవాల. మదనపల్లెలో వేలం ముందర చేరిన టమోటాకే ధర. వేలం అయినాంక పోతే బండి బాడిగ కూడా రాదు. అందుకే బలిచ్చే ముందర, రాజు చుట్టూ కాపుండే కాయలెన్ని, నీవి వచ్చి చేరేవెన్ని అని ఎంచు. నీవి ఎక్కువైతే ధైర్యంగా ఇచ్చెయ్. తక్కువైతే ఇంకో కాయను బయటికి తీ, రాజు యాడికీ పోడు.