ధవళేశ్వరంలో ఎంతుంది?

జులై వచ్చిందంటే కోనసీమలో ఇద్దరు ఎదురైతే మొదటి మాట ఇదే: ‘ధవళేశ్వరంలో ఎంతుందండీ?’ అడిగేది గోదారి నీటిమట్టం గురించి, జవాబు అడుగుల్లో వస్తుంది. 11.75 అయితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది. 17.75కి మూడోది పడేసరికి లంకల్లో బియ్యం బస్తాలు అటకెక్కి, పశువులు ఏటిగట్టు మీద ఉంటాయి.

ధవళేశ్వరం బ్యారేజీ వెనక నిలిచే ఆ నీటిని మనవాళ్లెవరూ జలాశయం అనరు. గోదారి, అంతే. చూడ్డానికి సముద్రంలా ఉన్నా అందులో పట్టేది సుమారు మూడు టీఎంసీలే. నాగార్జునసాగర్‌లో మూడొందల పైమాట. నీళ్లు దాచుకోడానికి కాదు, కాలువలకు అందే ఎత్తుకు లేపడానికి కట్టిందీ బ్యారేజీ. అందుకే దాళ్వాకి, అంటే రబీ వరికి, ఎగువనుంచి సీలేరు నీళ్లు రాకపోతే గడవదు.

కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ముగించిన ఆనకట్ట ఎత్తు పన్నెండడుగులే. నది మధ్య లంకలను ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. ఇప్పుడున్న 175 గేట్ల బ్యారేజీ తర్వాతి కాలానిది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాని మీదుగానే పోయాయి.

బ్యారేజీ నుంచి బొబ్బర్లంకలో కాలువలోకి బయల్దేరిన నీరు పి.గన్నవరం దగ్గర గోదారి పాయ వైనతేయను దాటి రాజోలు వైపు పోవాలి. నది మీద కాలువ! పాత అక్విడక్టుకి 49 ఖానాలు. పక్కన కట్టిన కొత్తదానికి, ఆకలన్నవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆ నీళ్లకి అంతకన్నా తగిన పేరు దొరకదు.

బ్యారేజీ వల్ల నష్టపోయింది పులస. ఎర్రనీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి వచ్చే ఆ చేప గేట్ల దగ్గరే ఆగిపోతుంది. దారి కట్టేసింది మనమే, పుస్తెలమ్మైనా తినాలంటున్నదీ మనమే. అందులో గొప్పేముందో నాకైతే అర్థం కాదు.

ఆదివారాలు జనం కాలువ మీది లొల్ల లాకులకు పోతారు. లాకు తలుపుల సందుల్లోంచి నీరు తెల్లగా చిమ్ముతుంటుంది. చెట్టు నీడన కూర్చున్నవాళ్ల చేతిలో ఆత్రేయపురం పూతరేకు, ఒళ్లో రాలిన బెల్లంపొడి. ఈమధ్య సంక్రాంతికి ఇక్కడి కాలువలో పడవ పందేలు కూడా పెడుతున్నారు. వేసవిలో వెళ్లాలనుకుంటే మాత్రం ఒకసారి కనుక్కుని వెళ్లండి. మరమ్మతులకని కాలువ కట్టేస్తారు.