నారుమడికి రాత్రికప్పు

నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమనున్న శిరివెళ్ల ప్రాంతమున, ఒక్కొక్క యేట మాఘమాసమందును అకాలముగా చలి ముదురును. వేసవి కూరలకై పోసిన వంగ, మిరప, టమాట నారు అప్పుడు పాలిపోయి ఎదుగుదల మానును. నారు చెడినచో ఆ అదను మరల రాదు.

ఈ భయము క్రొత్తది కాదు. చలి, గాలి, ఎండలవలన చెట్లకు రోగము కలిగి ఆకులు పాలిపోవునని 6వ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పెను. మిరప, టమాటలు 1492 తరువాత అమెరికా ఖండమునుండి బయలుదేరి వచ్చిన వెచ్చని సీమల మొక్కలు. వానికి చలి మరింత గిట్టదు.

లండనులో విలియం చార్లెస్ వెల్స్ అను వైద్యుడుండెను. తోటవారు లేతమొక్కలపై పలుచని చాప కప్పుట చూచి, దానివలన ఏమి ప్రయోజనమని ఆయన తొలుత నవ్వుకొనెడివాడు. పిదప పచ్చికలో నాలుగు పుల్లలు పాతి, ఆరంగుళముల యెత్తున సన్నని చేతిరుమాలు కట్టి పరీక్షించెను. దాని క్రింది పచ్చిక బయటి పచ్చికకన్న వెచ్చగా నుండెను. మబ్బులేని రాత్రి నేలయు మొక్కయు తమ వేడిని ఆకాశమునకు విడిచి, గాలికన్నను చల్లబడుననియు, కప్పు ఆ నష్టమును తగ్గించుననియు 1814లో ప్రకటించిన గ్రంథమున వివరించి, తన పొరపాటును ఒప్పుకొనెను.

కావున ఆకాశము నిర్మలమై గాలి కదలని సాయంకాలమున, మడిపై పుల్లలు నాటి, నారునకు తగులకుండ ఈతచాపగాని జొన్నచొప్పగాని కప్పుడు. ప్రొద్దెక్కగానే తీసివేయుడు, వెలుతురు లేనిచో నారు సన్నగిలి సాగిపోవును. పండితుడు నవ్విన చాపయే పండితునకు పాఠము నేర్పినది. మన పెద్దల వాడుకలను పరీక్షింపక త్రోసివేయరాదు.