పల్నాడు బోరు నీటిలో పెద్ద అక్వేరియం చేపలు: అమ్మోనియా విషయంలో జాగ్రత్తలు

నీళ్లు బాగా మురికిగా ఉన్నాయని సగం తోడేసి, తేటగా ఉన్న బోరు నీళ్లు పోశారు. సాయంత్రానికి చేప పైకి తేలి గుటకలు వేస్తోంది, తెల్లారేసరికి చచ్చిపోయింది. పెద్ద చేపలు పెంచేవారికి ఈ అనుభవం కొత్త కాదు. చాలామంది బోరు నీళ్లలో విషం ఉందనో, చేపకు జబ్బు చేసిందనో అనుకుంటారు. అసలు కారణం చాలాసార్లు పాత నీళ్లలో పేరుకున్న అమ్మోనియా. కొత్త నీళ్లు దాన్ని విషంగా మార్చాయి. ఇది ఎక్కడైనా జరగవచ్చు కానీ పల్నాడులో ఎక్కువ జాగ్రత్త కావాలి. ఎందుకో చూద్దాం.

మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, దాచేపల్లి ప్రాంతమంతా సున్నపురాయి నేల. సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపు బట్టీలు, నాపరాళ్ల గనులు ఇక్కడ ఉన్నది అందుకే. ఈ రాతి పొరల మధ్య నుంచి వచ్చే నీటిలో కాల్షియం, బైకార్బనేట్ ఎక్కువగా కరిగి ఉంటాయి. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి గార కడుతోందంటే మీ నీళ్లు అలాంటివే. ఇలాంటి నీటి పీహెచ్ సాధారణంగా 7.5 నుంచి 8.5 మధ్య నిలబడుతుంది. దీనికి ఎండ తోడవుతుంది. రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. మే నెలలో గదిలోని తొట్టి నీళ్లు కూడా 32 డిగ్రీలు దాటుతాయి. ఎక్కువ పీహెచ్, ఎక్కువ వేడి, ఈ రెండూ కలిస్తే అమ్మోనియా మరింత ప్రాణాంతకం అవుతుంది.

అమ్మోనియా లెక్క

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు జీర్ణమయ్యాక అమ్మోనియాగా మారి మొప్పల ద్వారా నీటిలోకి వస్తాయి. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం రూపం చేపకు పెద్దగా హాని చేయదు. విడి అమ్మోనియా రూపం మొప్పలను కాల్చేస్తుంది. ఏ రూపం ఎంత ఉండాలో నిర్ణయించేవి పీహెచ్, ఉష్ణోగ్రత. నీళ్లు 30 డిగ్రీల వేడిలో ఉండి, మొత్తం అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము ఉందనుకుందాం. పీహెచ్ 7 అయితే అందులో విషరూపం 0.008 మిల్లీగ్రాములు మాత్రమే. పీహెచ్ 7.5 దగ్గర 0.025, పీహెచ్ 8 దగ్గర 0.074, 8.5 దగ్గర 0.2 మిల్లీగ్రాములు. ఎక్కువ రోజులు చేప క్షేమంగా ఉండాలంటే విషరూపం 0.02 దాటకూడదు.

ఇప్పుడు మీ తొట్టికి లెక్క వేయండి. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న తొట్టి 16 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 450 లీటర్లు. పైన ఖాళీ, అడుగున ఇసుక తీసేస్తే 400 లీటర్ల నీళ్లు. అందులో రెండు పెద్ద ఆస్కార్లు, రెండూ కలిపి కిలో బరువు. రోజుకు బరువులో 1 శాతం, అంటే 10 గ్రాముల మేత వేస్తున్నారు. 35 శాతం మాంసకృత్తులున్న మేత అయితే 10 గ్రాముల నుంచి సుమారు 0.32 గ్రాముల అమ్మోనియా వస్తుంది. 400 లీటర్లలో అది లీటరుకు 0.8 మిల్లీగ్రాములు, అదీ ఒక్క రోజుకే. పీహెచ్ 7, 25 డిగ్రీల దగ్గర ఇందులో విషరూపం 0.005 కూడా ఉండదు. పీహెచ్ 8.2, 32 డిగ్రీల దగ్గర 0.1 మిల్లీగ్రాములు. మేత అదే, చేపలు అవే, ఒకచోట క్షేమం, మరోచోట పరిమితికి ఐదు రెట్లు.

అందుకే మన దగ్గర పెద్ద చేపకు ఫిల్టర్ లేకుండా గాలి బుడగల మోటారు ఒక్కటే పెట్టి నడపడం కుదరదు.

మినరల్ వాటర్ టిన్నుతో వచ్చే చిక్కు

బోరు నీళ్లు గార కడుతున్నాయని కొందరు ఆర్వో ప్లాంటు నుంచి టిన్నులు తెచ్చి తొట్టి మొత్తం నింపుతారు. నీళ్లు అద్దంలా ఉంటాయి. అయితే ఆర్వోలో బైకార్బనేట్ దాదాపు అంతా పోతుంది. తొట్టిలో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ పని చేస్తూ బైకార్బనేట్‌ను వాడుకుంటుంది. ఉన్న కాస్తా అయిపోగానే పీహెచ్ 6.5కు, ఇంకా కిందికి జారుతుంది. అక్కడ బ్యాక్టీరియా పని మందగిస్తుంది. అమ్మోనియా పేరుకుంటుంది కానీ అమ్మోనియం రూపంలో ఉంటుంది కాబట్టి చేప తిరుగుతూనే ఉంటుంది.

ఒకరోజు టిన్నులు అందక, సగం నీళ్లు తీసి బోరు నీళ్లు పోస్తారు. 32 డిగ్రీల నీటిలో అంతకుముందు మొత్తం అమ్మోనియా 4 మిల్లీగ్రాములు, పీహెచ్ 6.5 ఉంటే విషరూపం 0.012. నీళ్లు మార్చాక మొత్తం అమ్మోనియా 2కు తగ్గింది, పీహెచ్ 8కి పెరిగింది. విషరూపం 0.17 అయింది. అమ్మోనియా సగమైనా విషం 14 రెట్లు పెరిగింది. మొదట చెప్పిన చావుకు కారణం ఇదే.

కాబట్టి చాలా రోజులుగా మార్చని నీటిని ఒకేసారి మార్చవద్దు. ముందు మేత ఆపండి. మొదటి రోజు పదో వంతు, తర్వాత రోజూ అంతే చొప్పున వారం పాటు మార్చండి. అలా మారుస్తున్నన్ని రోజులూ అమ్మోనియా, పీహెచ్ రెండూ చూడండి. ఒక్క అమ్మోనియా అంకె చూసి ఏమీ చెప్పలేం.

ఏ నీళ్లు పోయాలి?

మా సలహా, సగం బోరు నీళ్లు, సగం ఆర్వో నీళ్లు కలిపి ఎప్పుడూ అదే పాళ్లలో వాడటం. పీహెచ్ పడిపోకుండా కాపాడే బైకార్బనేట్ బోరు నీటి నుంచి వస్తుంది, కాఠిన్యం సగానికి తగ్గుతుంది. పీహెచ్ 7.8 దగ్గర స్థిరంగా ఉన్న తొట్టి, 7కు, 8కి మధ్య ఊగే తొట్టి కంటే ఎంతో మేలు. పీహెచ్ తగ్గించే మందులు బైకార్బనేట్ ఎక్కువున్న నీటిలో ఒక పూట పనిచేస్తాయి, మర్నాటికి పీహెచ్ మళ్లీ మొదటికి వస్తుంది. ఆ డబ్బు ఫిల్టర్‌పై పెట్టండి.

బోరు నుంచి అప్పుడే తోడిన నీటిని పరీక్షించి పీహెచ్ 7.2 ఉందని సంతోషపడవద్దు. భూగర్భంలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ వల్ల అలా కనిపిస్తుంది. డ్రమ్ములో పోసి 24 గంటలు గాలి బుడగలు పెట్టిన తర్వాత చూస్తే అసలు అంకె తెలుస్తుంది. అప్పుడే తోడిన నీటిలో ఆక్సిజన్ కూడా తక్కువే. మిర్చి, పత్తి చేలకు ఆనుకుని ఉన్న బోర్లలో నైట్రేట్ కూడా ఎక్కువగా ఉండవచ్చు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఒకసారి పరీక్ష చేయిస్తే కాఠిన్యం, క్షారత్వం, నైట్రేట్ అన్నీ తెలుస్తాయి. ఇంట్లో తాగే నీటికీ ఆ కాగితం పనికొస్తుంది.

సాగర్ కాలువ నీటిని శుద్ధి చేసి ఇచ్చే కుళాయి నీళ్లు బోరు కంటే మెత్తగా ఉంటాయి, దొరికితే అవే మేలు. అయితే వాటిలో క్లోరిన్ ఉంటుంది. లీటరులో 1 మిల్లీగ్రాము క్లోరిన్‌కు 7 మిల్లీగ్రాముల హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ చాలు. 100 లీటర్లకు ముప్పావు గ్రాము. లేదా రోజంతా గాలి బుడగలు పెట్టి ఉంచండి.

తొట్టిలో అలంకారానికి మాచర్ల వైపు దొరికే తెల్లరాళ్లు, నాపరాతి ముక్కలు, ఆల్చిప్పలు వేయవద్దు. రాయి మీద నిమ్మరసం పిండితే బుసబుస పొంగితే అది సున్నపురాయి. గ్రానైటు పొంగదు. కొత్త సిమెంటు తొట్టి అయితే మరీ ప్రమాదం, సున్నం ఊరి పీహెచ్ 10 దాటుతుంది. రెండు మూడు వారాలు నీళ్లు నింపుతూ, పారబోస్తూ, పీహెచ్ నిలకడగా వచ్చాకే చేపను వదలాలి.

ఫిల్టర్, మేత

కొత్త ఫిల్టర్‌లో మంచి బ్యాక్టీరియా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. తెలిసినవారి ఆరోగ్యమైన తొట్టిలో నడుస్తున్న స్పాంజి ముక్క తెచ్చి పెడితే ఈ గడువు బాగా తగ్గుతుంది. బ్యాక్టీరియాకు ఆహారమని ఇంట్లో ఉన్న యూరియా చల్లే ప్రయోగాలు వద్దు. స్పాంజిని కుళాయి కింద కడగకండి, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. వారానికి నాలుగో వంతు నీళ్లు, అడుగున పడ్డ మలం, మిగిలిన మేతతో సహా పైపుతో లాగేయాలి. మొదటి వారాల్లో నైట్రైట్ పెరిగి చేప మొప్పలు గోధుమ రంగుకు తిరిగితే, లీటరుకు 1 గ్రాము చొప్పున అయోడిన్ లేని రాళ్ల ఉప్పు కరిగించి పోయండి.

కోడి పేగులు, గొడ్డు మాంసం ముక్కలు వేస్తే చేప త్వరగా పెరుగుతుందని కొందరు వేస్తారు. నీళ్లు చెడటానికి అంతకంటే దగ్గరి దారి లేదు. గుళికల మేతే వేయండి, రెండు నిమిషాల్లో తినగలిగినంతే. పెద్ద చేప వారం పాటు మేత లేకపోయినా బతుకుతుంది.

ఎండాకాలం, కరెంటు కోత

25 డిగ్రీల నీటిలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 35 డిగ్రీలకు 6.9 మాత్రమే. రేకుల షెడ్డు కింద, పడమటి కిటికీ పక్కన తొట్టి పెట్టవద్దు. నీటి పైభాగాన చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఇలా ఆవిరైపోయిన నీటి స్థానంలో ఆర్వో నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు తొట్టిలోనే ఉంటాయి. మళ్లీ బోరు నీళ్లు పోస్తే కాఠిన్యం వారం వారం పెరుగుతుంది.

బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఒకటి తప్పనిసరి. కరెంటు మూడు నాలుగు గంటలు పోతే మూత ఉన్న డబ్బా ఫిల్టర్‌లో బ్యాక్టీరియా ఊపిరాడక చస్తుంది. కరెంటు రాగానే దానిలోని నీళ్లు పారబోసి తర్వాతే నడపండి. ఆ రోజు మేత వద్దు.

ఏ చేపలు?

ఫ్లవర్‌హార్న్‌కు మన గట్టి నీళ్లు బాగా సరిపోతాయి. ఆస్కార్ అలవాటు పడుతుంది. డిస్కస్ జోలికి వెళ్లవద్దు, దానికి మెత్తటి నీళ్లు కావాలి. దుకాణంలో షార్క్ అని అమ్మే వేలెడు చేప నిజానికి చెరువుల్లో సాగు చేసే పంగాసియస్, మీటరు దాటి పెరుగుతుంది. రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ కూడా అంతే. తొట్టి శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ చేప అడుగు దాటి, అది తినే దానికంటే ఎక్కువ మలం వదులుతున్నట్టు ఉంటుంది.

పెరిగిపోయిన చేపను సాగర్ కాలువలోనో, ఊరి చెరువులోనో వదలవద్దు. సక్కర్ చేప అలాగే మన రాష్ట్రంలోని చెరువుల్లో వ్యాపించి, ముళ్లతో వలలు చింపుతూ చేపల రైతులకు నష్టం చేస్తోంది. దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వండి. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లు మాత్రం, ఉప్పు వేయనివైతే, పెరట్లో జామ, కరివేపాకు మొక్కలకు పోయవచ్చు.