ముక్కలలోని మికీ

విడిముక్కలను కూర్చి బొమ్మను పూర్తిచేయు బాలక్రీడ యొకటి కలదు. దాని చరిత్రమును నేఁడు విన్నవించెదను.

1760 దశకమున లండను నగరమందు జాన్ స్పిల్స్‌బరీ యనువాఁడు దేశపటమును పలుచని చెక్కపై నతికించి, రాజ్యముల పొలిమేరల వెంబడి కోసెను. బాలురకు భూగోళము నేర్పుటయే యాతని యుద్దేశము. ఆ చెక్కముక్కలు కలవారి యిండ్లకే చేరెను.

1929లో అమెరికా యందు ఆర్థికమాంద్యము ప్రారంభమయ్యెను. పిమ్మట అట్టలను యంత్రముతో కత్తిరించుటచే ఈ యాట చవుక యయ్యెను. పని గోల్పోయినవారును ముక్కలు కూర్చుచు చింత మఱచిరి. 1928లో వాల్ట్ డిస్నీ చలనచిత్రమున ప్రసిద్ధినందిన మికీ యను చిట్టెలుకయు 1930 దశకముననే యట్టముక్కల కెక్కెను.

దీనివలన విద్య పోయి వినోదమే మిగిలెనని కొందఱందురు. నేనంగీకరింపను. పటమును కూర్చినఁగాని బాలుఁడు దేశము నెఱుఁగఁడు. మికీ ముఖమును ముందే యెఱుఁగును. గుండ్రని చెవి గల ముక్క యెచ్చటిదో యాతనికి ప్రేమయే చెప్పును. ఒకసారి చేతనైనదన్న ధైర్యము గలిగినచో, పిదప దేశపటము నిచ్చినను జంకఁడు.

ఇప్పుడీ యాట సెల్‌ఫోనులలోనికిని వచ్చినది. మనుమఁడు దానితో కూర్చుండినప్పుడు కసరకుఁడు. ప్రక్కన కూర్చుండి మీరును ఒక ముక్కకు చోటు వెదకుఁడు.