నీలిచీము బాక్టీరియా నుంచి వచ్చిన సర్ఫాక్టెంటు: రామ్నోలిపిడ్ల చరిత్ర

నీటి ఉపరితలంలోని అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటూ బిగుతుగా ఉండే గుణాన్ని తలతన్యత అంటారు. దాన్ని తగ్గించి నూనెను నీటితో కలిసేలా చేసే పదార్థాలు సర్ఫాక్టెంట్లు, అవే బాక్టీరియా తయారుచేసుకున్నవైతే జీవ సర్ఫాక్టెంట్లు. వీటిలో ఎక్కువగా పరిశోధనకు నోచుకున్న రామ్నోలిపిడ్ల చరిత్ర ఒక రోగకారక జీవితో ముడిపడి ఉంది. గాయాల కట్లకు అంటుకునే నీలి, ఆకుపచ్చ రంగుల చీముకు కారణమైన బాక్టీరియాను ఫ్రాన్సులో కార్ల్ గెస్సార్ 1882లో వేరుచేశాడు. ఇప్పుడు సూడోమోనాస్ ఎరుజినోసా అని పిలుస్తున్నది ఈ జీవినే.

చీము పుట్టించే జీవి ఇతర రోగకారకాలను అణచగలదన్న సంగతి త్వరలోనే బయటపడింది. ఆంత్రాక్స్ సోకిన కుందేళ్ళకు ఈ బాక్టీరియాను ఎక్కిస్తే కొన్ని బతుకుతున్నాయని 1889లో షార్ల్ బుషార్ ప్రకటించాడు. పదేళ్ళ తరువాత మ్యూనిక్‌లో రుడాల్ఫ్ ఎమెరిక్, ఆస్కార్ లోవ్ పాత కల్చర్ల నుంచి కణాలను తొలగించి, మిగిలిన ద్రవాన్ని చిక్కబరచి, అందులో పనిచేసేది ఎంజైమేనన్న నమ్మకంతో దానికి పయోసయనేజ్ అని పేరుపెట్టారు. డిఫ్తీరియా రోగుల గొంతుకు దాన్ని పూసి చికిత్స చేసిన వైద్యులున్నారు, అందుకే కొందరు చరిత్రకారులు దీన్ని ఆసుపత్రిలో వాడిన తొలి యాంటీబయాటిక్‌గా లెక్కిస్తారు. కానీ అది అనేక పదార్థాల మిశ్రమం. ఒక విడతలో పనిచేసినది మరో విడతలో పనిచేయకపోవడమూ, విషప్రభావమూ తోడై వైద్యులు దాన్ని వదిలేశారు.

1946లో స్వీడన్‌లో సూనె బెర్గ్‌స్ట్రోమ్, హ్యూగో థెయొరెల్, డేవిడె కలిసి ఇదే జీవి నుంచి కొవ్వు స్వభావం గల ఒక పదార్థాన్ని రాబట్టి, అది క్షయ బాక్టీరియాను అడ్డుకుంటుందని చూపి, పయోలిపిక్ ఆమ్లమని పేరుపెట్టారు. (మొదటి ఇద్దరూ వేర్వేరు పరిశోధనలకు తరువాత నోబెల్ బహుమతి పొందినవారు.) 1949లో అమెరికాలో జార్విస్, జాన్సన్ దీనికి దగ్గరి పదార్థాన్ని విశ్లేషించి, రామ్నోజ్ అనే చక్కెర అణువులు రెండు, పది కర్బన పరమాణువుల హైడ్రాక్సీ కొవ్వు ఆమ్లపు అణువులు రెండు కలిసిన నిర్మాణమని తేల్చారు. చక్కెర భాగం నీటిని, కొవ్వు భాగం నూనెను ఇష్టపడతాయి కనుక ఈ అణువు సబ్బులాగే పనిచేస్తుంది. మీటరుకు 72 మిల్లీన్యూటన్లుండే నీటి తలతన్యతను 30 దరిదాపులకు దించుతుంది. బాక్టీరియాపై ప్రభావానికీ మూలం ఇదే: కొవ్వు భాగం కణపొరలోని కొవ్వుల మధ్య దూరడంతో పొర సడలి లోపలి పదార్థాలు బయటికి కారిపోతాయి. గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా దీనికి సులభంగా లొంగుతుంది, అదనపు బాహ్యపొర ఉన్న గ్రామ్ నెగటివ్ జాతులు అంత తేలికగా లొంగవు. ఇదే గుణం మనిషి ఎర్ర రక్తకణాలనూ పగలగొట్టడం వల్ల నెత్తురులోకి ఎక్కించే మందుగా దీనికి దారి మూసుకుపోయింది; క్షయకు అప్పటికే స్ట్రెప్టోమైసిన్ అందుతోంది.

ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా ఈ పదార్థం మందుల చర్చలోకి పెద్దగా రాలేదు. పెట్రోలియం పారఫిన్ల మీద సూక్ష్మజీవులను పెంచాలన్న ఉత్సాహం ప్రబలిన కాలంలో, 1971లో, జపాన్ పరిశోధకులు హిసాట్సుకా బృందం ఈ బాక్టీరియా రామ్నోలిపిడ్లతో నూనెను చిన్న బిందువులుగా చీల్చి ఆహారంగా తీసుకుంటుందని చూపారు. ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి 1989లో అలాస్కా తీరాన ఒలికిన నూనెను గులకరాళ్ళ నుంచి వదలగొట్టడంలోనూ దీన్ని పరీక్షించారు.

అసలు కష్టం ఉత్పత్తిలో ఉంది. నత్రజని పోషకం అయిపోయి కణాల పెరుగుదల మందగించాక, తమ సంఖ్య తగినంత ఉందని రసాయన సంకేతాల ద్వారా గ్రహించిన తరువాతే బాక్టీరియా దీన్ని ధారాళంగా తయారుచేస్తుంది. గ్లిసరాల్‌నో నూనెనో ఆహారంగా ఇస్తూ, గాలి ఊదుతూ కిణ్వన పాత్రను నడిపితే, తయారైన సర్ఫాక్టెంటే నురుగై పొంగి పాత్ర దాటి పోతుంది. నురుగును అణచే రసాయనం కలిపితే శుద్ధి ఖర్చు పెరుగుతుంది. సోయా నూనెతో లీటరుకు 100 గ్రాములకు మించిన దిగుబడి జర్మనీలో 1990లలో సాధ్యమైనా, దాన్నిచ్చినది ఆసుపత్రుల్లో న్యుమోనియాకూ, కాలిన గాయాల ఇన్ఫెక్షన్లకూ కారణమయ్యే జీవి కావడంతో పారిశ్రామికులు వెనకాడారు. జ్యూరిక్‌లో ఓక్స్‌నర్, ఫీష్టర్, రైజర్ 1994లో రామ్నోలిపిడ్ల తయారీని నడిపే ఆర్‌హెచ్ఎల్ జన్యువులను గుర్తించి, ఆ తరువాత వాటిని నిరపాయకరమైన సూడోమోనాస్ పుటిడా వంటి జాతుల్లోకి మార్చి చూపడమే, ఈ చరిత్రలో అన్ని మందుల ప్రయోగాల కన్నా ముఖ్యమైన మలుపు.

తొలి అనుమతి కూడా వైద్యానికి దక్కలేదు. ఈత కొట్టే తెగులు బీజాలను రామ్నోలిపిడ్లు కరిగించివేస్తాయని అమెరికాలో స్టాంఘెల్లిని, మిల్లర్ 1997లో వివరించగా, 2004లో ఆ దేశపు పర్యావరణ సంస్థ పంటల మీద వీటి వాడుకకు అంగీకరించింది. జర్మనీకి చెందిన ఎవోనిక్ 2024లో స్లొవాకియాలో ప్రారంభించిన పారిశ్రామిక కర్మాగారం గిన్నెలు తోమే ద్రవాలు, సౌందర్య సాధనాల కోసం వీటిని తయారుచేస్తోంది. కొవ్వు గొలుసు పొడవులోనూ, రామ్నోజ్ సంఖ్యలోనూ తేడా ఉన్న అనేక అణువుల మిశ్రమంగానే ఈ పదార్థం లభించడం శుభ్రపరిచే ద్రవానికి అడ్డు కాదు గానీ, ప్రతి విడతా ఒకేలా ఉండాలని అడిగే ఔషధ నియంత్రణకు మాత్రం ఇంకా పెద్ద అడ్డంకే.