నూనె వాసన చెప్పిన సాక్ష్యం

పరాయి దేశం వెళ్ళినప్పుడు మగవాళ్ళు కోటలూ, బురుజులూ చూసి వస్తారు. మనకి మాత్రం అక్కడి వంటింట్లోకి ఒక్కసారి తొంగి చూడందే తృప్తి ఉండదు. స్పెయిన్‌లో ఆ తొంగి చూడటానికి టికెట్టు కూడా పెట్టారు! వలెన్సియా నగరంలో ప్రయాణికులకి ఒక్క పూటలో వంట నేర్పే తరగతులున్నాయి. పొద్దున్నే మార్కెట్టుకి తీసికెళ్ళి కూరలు కొనిపిస్తారు. తర్వాత ఏప్రన్ కట్టించి, పొయ్యి ముందు నిలబెట్టి, 'పాయేయా' అనే అన్నం వంటకం మన చేతే చేయిస్తారు.

వెడల్పాటి, లోతు లేని పెనం. ఆ పెనం పేరే వంటకానికీ వచ్చింది. అందులో ఆలివ్ నూనె పోసి కోడి మాంసం, కుందేలు మాంసం ఎర్రగా వేయిస్తారు. బీన్సు, పెద్ద పెద్ద తెల్ల గింజలు, టమాటా గుజ్జు, మిరపపొడి, కుంకుమపువ్వు, నీళ్ళు, ఆఖర్న బియ్యం. గంజి వార్చరు. బియ్యం పడ్డాక గరిటె పెట్టి కలపనివ్వరు. మన ఇళ్ళల్లో అన్నం అడుగంటితే కోడలికి మాట తప్పదు. అక్కడ అడుగున పట్టిన ఆ ఎర్రటి చెక్కకి 'సొకర్రాత్' అని ముద్దుపేరు పెట్టి, పోటీపడి గోక్కుని తింటారు!

ఇంతకీ ఆ పెనంలోవన్నీ ఎక్కణ్ణించి వచ్చాయి? 711లో అరబ్బుల సేనలు జలసంధి దాటి స్పెయిన్‌లో అడుగుపెట్టాయి. వాళ్ళ పాలనలోనే అక్కడ వరి మళ్ళు, కుంకుమపువ్వు తోటలు వెలిశాయి. ఈనాటికీ స్పానిష్ భాషలో బియ్యం, కుంకుమపువ్వు, చక్కెర, చివరికి నూనె - అన్నిటికీ ఉన్నవి అరబ్బీ నుంచి వచ్చిన పేర్లే. మన వంకాయ కూడా పర్షియా, అరేబియాల మీదుగా అక్కడికి చేరి 'బెరెన్హేనా' అయింది. దాని చెల్లెలు లాంటి పోర్చుగీసు మాటే మనదేశానికి తిరిగొచ్చి 'బ్రింజాల్'గా స్థిరపడింది. టమాటా, మిరప మాత్రం 1492 తర్వాత అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చినవి.

కొలంబస్ బయల్దేరిన ఆ 1492లోనే మరో రెండు సంగతులు జరిగాయి. జనవరిలో గ్రెనడా పట్టణం ఇసబెల్లా రాణి, ఫెర్డినాండ్ రాజుల వశమైంది. మార్చి 31న, యూదులు మతమన్నా మార్చుకోవాలి, దేశమన్నా విడవాలి అని వాళ్ళు శాసనం చేశారు. గడువు నాలుగు నెలలు. కొందరు వెళ్ళిపోయారు. ఇల్లూ వాకిలీ వదల్లేని వాళ్ళు మతం మార్చుకుని ఉండిపోయారు. అలా మారినవాళ్ళు అంతకుముందు కూడా ఎంతోమంది ఉన్నారు. వాళ్ళు నిజంగా మారారా అని కనిపెట్టడానికి 1478లోనే పోప్ అనుమతితో ఇంక్విజిషన్ అనే మత న్యాయస్థానం ఏర్పడింది.

మనసులో ఉన్న దేవుణ్ణి ఎవరు చూడగలరు? అంచేత వంటింట్లోకి చూశారు! పందికొవ్వు బదులు నూనెతో మాంసం వండితే అనుమానం. శుక్రవారం చీకటి పడకముందే శనగలూ మాంసమూ పొయ్యిమీద పెట్టి, శనివారం పొయ్యి ముట్టుకోకుండా అదే తింటే నేరానికి రుజువు. 'అదఫీనా' అనే ఆ కూర పేరు విచారణ కాగితాల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఉల్లీ వెల్లుల్లీ వేసి నూనెతో వండటం వల్ల వాళ్ళ ఇళ్ళు కంపుకొడతాయని ఆనాటి చరిత్రకారుడు ఆంద్రేస్ బెర్నాల్దేస్ ఈసడించుకుంటూ రాశాడు. సాక్ష్యం చెప్పినవాళ్ళలో పనిమనుషులున్నారు, ఇరుగుపొరుగులున్నారు. ఎవరు చెప్పారో నిందితురాలికి తెలియనిచ్చేవారు కాదు. నేరం రుజువైతే ఆస్తి పోయేది. ఒక్కోసారి ప్రాణమే పోయేది.

మతం మార్చుకున్న ముస్లిం కుటుంబాలకీ ఇదే గతి పట్టింది. నేలమీద కూర్చుని తినటం కూడా వాళ్ళ విషయంలో అనుమానించదగ్గ గుర్తయింది. నేలమీద పీటేసుకుని భోంచేసిన మన అమ్మమ్మల్ని తలుచుకుంటే ఒళ్ళు జలదరించదూ! చివరికి 1609 నుంచి 1614 దాకా సుమారు మూడు లక్షలమందిని దేశం నుంచి గెంటేశారు. ఆ పని మొదలైంది కూడా ఈ వరిపొలాల వలెన్సియాలోనే.

మనుషుల్ని పంపేశారు గానీ రుచుల్ని పంపలేకపోయారు. శనివారపు ఆ శనగల కూరలోనే పందిమాంసం చేరి, ఇవాళ మాడ్రిడ్ వాళ్ళు గర్వంగా వడ్డించే 'కొసీదో' అయిందని చాలామంది చరిత్రకారుల మాట. ఇంక్విజిషన్ 1834లో పూర్తిగా రద్దయింది. ఒకప్పుడు ఇల్లాలిని పట్టిచ్చిన ఆలివ్ నూనె ఇప్పుడు ఆ దేశానికే పేరు తెచ్చిపెట్టింది.

డేవిడ్ గిట్లిట్జ్, లిండా కే డేవిడ్సన్ అనే ఇద్దరు పండితులు ఆ విచారణ కాగితాలు తిరగేసి, సాక్షులు చెప్పిన మాటల్లోంచి వంటకాలు ఏరి, 1999లో ఒక పుస్తకం వేశారు. ఏ కూరలో ఏం పడిందో, ఏ ఇల్లాలు వండిందో అందులో ఉంది. మామూలుగా వండిపెట్టిన ఆడదాని పేరు చరిత్రలో ఎవరు రాస్తారు? వీళ్ళ పేర్లు మిగిలాయి, వంట నేరమైంది గనక!