కీళ్ళబొమ్మ, గీతలబొమ్మ

బొమ్మను కదిలించడానికి మానవుడు రెండు దారులు తొక్కినాడు. కదలికలోని ప్రతి భంగిమనూ విడివిడిగా గీసి, ఆ చిత్రాలను వరుసగా కంటిముందు తిప్పడం ఒక దారి. ఒకే బొమ్మను ముక్కలుగా కోసి, ముక్కలను కీళ్ళతో కలిపి, ఆ కీళ్ళ దగ్గర వంచుతూ ఆడించడం రెండవ దారి. మొదటిది సినిమాతోపాటు పెరిగినది. రెండవది తెలుగువారికి సినిమా పుట్టడానికి కొన్ని వందల ఏళ్ళ ముందే తెలుసును. కాకతీయుల కాలపు కవి పాల్కురికి సోమనాథుడు తన ‘పండితారాధ్య చరిత్ర’లో బొమ్మలాటను ప్రస్తావించినాడు. తరువాతి కాలంలో తోలుబొమ్మలవారు తమ ఆటకు గోన బుద్ధారెడ్డి ‘రంగనాథ రామాయణా’న్ని ఆధారం చేసుకున్నారు.

పర్చూరు 1970 వరకు గుంటూరు జిల్లాలోను, ఆ పిమ్మట ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారుతూ వచ్చినా నేల మారలేదు. నల్లరేగడి చేలు, పత్తి, మిరప. ఇటువంటి మెట్ట ఊళ్ళలో పత్తి తీతలు, మిరప కోతలు ముగిసి చేతిలో నాలుగు డబ్బులు ఆడే వేసవి రాత్రులే బొమ్మలాటవారికి పనికాలం. వాన కురవనప్పుడు ఆట ఆడిస్తే కురుస్తుందని నమ్మకం ఉండేది గనుక, కరవు రోజులలో కూడా వారికి పిలుపు వచ్చేది. ఒక బండిలో బొమ్మలపెట్టె, మద్దెల, తాళాలు, కుటుంబం అంతా వచ్చి దిగేవారు. తెల్లవార్లూ ఆట సాగేది.

ఆ పెట్టెలోని బొమ్మ ఎట్లా తయారవుతుందో చూద్దాము. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, బిగలాగి ఆరబెడితే అది వెలుతురును కొంతవరకు పోనిచ్చే పారభాసక పదార్థం అవుతుంది. దానిపై గీతలు గీసి, అంగాలను వేరువేరుగా కోసి, రెండు వైపులా రంగులు వేస్తారు. నగలు ఉండవలసిన చోట ఉలితో సన్నని రంధ్రాలు పొడుస్తారు. దీపం వెలుతురు ఆ రంధ్రాలలోనుంచి తిన్నగా వచ్చి రవ్వలవలె మెరుస్తుంది. రంగు పూసిన తోలు వడపోత వలె పనిచేసి తెరపైకి రంగు వెలుతురునే పంపుతుంది. అందువల్ల మన తోలుబొమ్మది నల్లని నీడ కాదు, రంగుల నీడ. భుజాలు, మోచేతులు, మోకాళ్ళ దగ్గర ముక్కలను దారపు ముడులతో కలుపుతారు. నర్తకి బొమ్మకు మెడ, నడుము కూడా కదులుతాయి. నడుమ నిలువునా ఒక చీల్చిన బద్ద, చేతులకు విడిగా పుల్లలు. అంతే యంత్రం.

ఈ యంత్రంలో కాళ్ళకు పుల్లలు లేవన్న సంగతి గమనింపదగినది. ఆడించేవాడికి ఉన్నవి రెండే చేతులు. అవి బద్దకూ, పుల్లలకూ సరిపోతాయి. మరి బొమ్మ ఎట్లా నడుస్తుంది? గురుత్వాకర్షణ నడిపిస్తుంది. మోకాలి ముడి నుంచి వేలాడే కాలు ఒక లోలకం. దానిని 45 సెంటీమీటర్ల పొడవుగల, అంతటా ఒకే మందం ఉన్న కడ్డీగా భావించి లెక్క కడితే, ఒక పూర్తి ఊపుకు పట్టే కాలం సుమారు 1.1 సెకన్లు. మనిషి మామూలు నడకలో రెండడుగులు వేయడానికి పట్టే కాలం కూడా ఇంచుమించు ఇంతే. ముడి బిగువు, గాలి నిరోధం ఊపును త్వరగా ఆపివేస్తాయి. అందుకే ఆడించేవాడు బద్దను లయగా ఎగరవేస్తూ ఊపును నిలబెడతాడు. డోలనకాలం పొడవు యొక్క వర్గమూలాన్ని బట్టి మారుతుంది. బొమ్మను నాలుగోవంతుకు తగ్గిస్తే కాలు రెండింతలు వేగంగా ఊగి, నడక గంతులాటగా కనిపిస్తుంది. ఆంధ్ర తోలుబొమ్మలు మన దేశపు నీడబొమ్మలన్నింటిలోకి పెద్దవి. నాలుగైదు అడుగుల బొమ్మలు సామాన్యం. వాటి ఠీవిలో చిత్రకారుని చెయ్యి ఎంతో, ఈ వర్గమూలానిది కూడా అంతే అనవచ్చును.

చేతుల సంగతి ఇంకా రుచికరమైనది. పుల్ల తగిలించినది అరచేతికి మాత్రమే. ఆడించేవాడు అరచేతిని కావలసిన చోటికి తీసుకొనిపోతాడు. మోచెయ్యి, భుజం ఎంత వంగాలో వాటంతట అవే తేల్చుకుంటాయి. దండ 30, ముంజేయి 30 సెంటీమీటర్లు అనుకుందాము. భుజానికి అరచేయి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెయ్యి నిటారుగా చాచి ఉన్నట్లు. దూరం 30 అయితే సమబాహు త్రిభుజం ఏర్పడి మోచేతి దగ్గర కోణం 60 డిగ్రీలు అవుతుంది. అయితే ఆ త్రిభుజం గీతకు పైన ఏర్పడవచ్చును, కింద ఏర్పడవచ్చును. గణితం రెంటినీ ఒప్పుకుంటుంది. తోలుబొమ్మకు బరువూ, ముడీ కలిసి ఒకదానిని ఎన్నుకుంటాయి. ఈనాడు కంప్యూటరులో కీళ్ళబొమ్మను తయారుచేసేవారు చేతి కొసను పట్టి లాగితే కోణాలు తేలే విధానాన్నే వాడుతూ, మోచెయ్యి ఏ వైపు వంగాలో ప్రత్యేకంగా ఆదేశించవలసి వస్తున్నది. ఉపాధ్యాయులు రెండు అట్టముక్కలు, రెండు గుండుసూదులతో ఈ ప్రయోగాన్ని తరగతిలోనే చూపవచ్చును.

కీళ్ళబొమ్మకు రానిది ఏమిటి? అది తల తిప్పి ప్రేక్షకుని వైపు చూడలేదు. ప్రక్కచూపు బొమ్మ ఎప్పుడూ ప్రక్కచూపే. రెండువైపులా రంగు ఉన్నందున తిరగవేస్తే అటు చూసినది ఇటు చూస్తుంది, అంతకుమించి లేదు. దాని ఎముక పొడవు మారదు. చేతి కొస చెయ్యి పొడవును మించి పోలేదు. కనుక కూర్చున్న రాముడికి ఒక బొమ్మ, యుద్ధం చేసే రాముడికి వేరొక బొమ్మ. హనుమంతుడు పెరగవలెనంటే వేరు సైజు బొమ్మ తేవాలి, లేదా బొమ్మను దీపం వైపు జరపాలి. దీపం తెరకు 2 మీటర్ల దూరంలో ఉండి, బొమ్మ సరిగ్గా మధ్యకు వస్తే నీడ రెండింతలు అవుతుంది. కాని దీపపు మంట 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే నీడ అంచున 2 సెంటీమీటర్ల మసక కూడా వస్తుంది. పెరిగిన హనుమంతుడు అలుక్కుపోతాడన్నమాట.

గీతలబొమ్మకు ఈ చిక్కులేవీ లేవు. ఫ్రాన్సులో ఎమిల్ కోల్ 1908లో సుమారు 700 చిత్రాలు గీసి తీసిన ‘ఫాంటాస్మగోరీ’లో సీసా పువ్వుగా, పువ్వు వేరొకటిగా మారిపోతూ ఉంటాయి. తోలును అట్లా కరిగించడం ఎవరి తరం? కాని ఆ స్వేచ్ఛకు వెల ఉన్నది. సెకనుకు 24 చిత్రాల చొప్పున పది నిమిషాల సినిమాకు 14,400 కావాలి. ఒక్కొక్క బొమ్మను రెండుసార్లు ఫోటో తీసి పొదుపు చేసినా 7,200 తప్పవు. 1914లో అమెరికాలో ఎర్ల్ హర్డ్ పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకులపై కదిలే భాగాన్ని మాత్రమే గీసే పద్ధతికి పేటెంటు తీసుకున్న తరువాత, వెనుక దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ గీసే బాధ తప్పినది. మన దేశంలో 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగానికి శిక్షణ ఇవ్వడానికి డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ వచ్చినాడు. బౌద్ధ జాతక కథ ఆధారంగా ఆ విభాగం తీసిన ‘బానియన్ డీర్’ 1957 నాటిది.

ఈ విడివిడి చిత్రాలు కదిలినట్లు ఎందుకు తోస్తాయి? కంటి రెటీనాపై బొమ్మ కొంచెంసేపు నిలిచి ఉండడమే కారణమని పాఠ్యపుస్తకాలలో తరచు కనిపిస్తుంది. అది చాలని వివరణ. మెదడు రెండు స్థానాల నడుమ కదలికను తానే కల్పించుకుంటుందని 1912లో మాక్స్ వెర్తైమర్ ప్రయోగాలు సూచించినవి. తోలుబొమ్మ విషయంలో ఈ ప్రశ్నే లేదు. అక్కడ కదలిక నిజంగా కదలికే.

రెండు దారులు కలిసిన చోటు బెర్లిన్ పక్కనున్న పోట్స్‌డామ్. లోట్టె రైనిగర్ అనే యువతి నల్ల అట్టను, పలుచని సీసపు రేకును కత్తిరించి, కీళ్ళకు తీగ చుట్టి, అద్దపు బల్లపై పరచి, కిందనుంచి దీపం పెట్టి, పైనుంచి కెమెరాతో ఒక్కొక్క చిత్రంగా తీసినది. మూడేళ్ళ శ్రమ ఫలితం 1926 నాటి ‘ప్రిన్స్ అహ్మద్’. నేడు నిలిచి ఉన్న నిడివిగల యానిమేషన్ చిత్రాలలో ఇదే మొదటిది. ఇక్కడ ఒక భేదం చూడాలి. రైనిగర్ బొమ్మకు లోలకం లేదు. ప్రతి చిత్రానికీ కాలును ఆమె వేళ్ళతోనే జరపాలి. బరువు ఎట్లా ఊగుతుందో బొమ్మకు తెలియదు, ఆమెకు తెలియాలి. కంప్యూటరులోని కీళ్ళబొమ్మ కూడా సాధారణంగా ఇంతే. హైదరాబాదులో ఎందరో యువకులు ఇటువంటి బొమ్మలతో టెలివిజను సీరియళ్ళు తయారుచేస్తున్నారు. ప్రతి వారం కొత్త కథ కావలసిన చోట, ఒకసారి చేసిన బొమ్మ మళ్ళీ మళ్ళీ పనికిరావడమే దాని బలం. ఈ లాభం బొమ్మలపెట్టెను తండ్రినుంచి కొడుకు అందుకున్న కుటుంబాలకు పాత సంగతే.

కాని ఆ కుటుంబాలకు ఈ కొత్త పరిశ్రమ దారి చూపలేదు. మొదట సినిమాహాళ్ళు, తరువాత టెలివిజను వారి వేసవి రాత్రులను తీసుకున్నవి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో చేతివేలి నైపుణ్యం మిగిలినది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించినది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. అయినా ఆ ఊరిలో నేడు ఎక్కువగా అమ్ముడుపోయేవి ఆడే బొమ్మలు కావు, దీపాలకు చుట్టే తోలు గుమ్మటాలు, గోడకు తగిలించే చిత్రాలు. అదే తోలు, అవే రంగులు, అవే ఉలి రంధ్రాలు. వాటికి దారపు ముడులు మాత్రం వేయరు.